ఇడియం లేని పైపు

నందిగుంట మునిసిపల్ కమిషనర్ చక్రధరం గారికి ఇంగ్లీషు పూనింది.

అంతకుముందు ఆయనకి ఇంగ్లీషు రాదని కాదు. సంతకం పెట్టేంత వచ్చు, సెలవు చీటీ రాసేంత వచ్చు, పైవాళ్ళు తిడితే తిట్టారని తెలుసుకునేంత వచ్చు. సర్వీసంతా ఆపాటి ఇంగ్లీషుతోనే హాయిగా లాక్కొచ్చిన మనిషి. ఆ వేసవిలో ప్రభుత్వం వారికి ఏం తోచిందో ఏమో, ఆయన్ని ఒక చల్లటి కొండమీదకి నాయకత్వ శిక్షణకి పంపారు. అక్కడ టై కట్టుకున్న పెద్దమనిషొకడు మైకు పట్టుకుని, అధికారి గొప్పతనం కుర్చీలో ఉండదనీ, నోట్లోంచి వచ్చే ఇడియంలలో ఉంటుందనీ సెలవిచ్చాడు. ఇడియం అంటే మరేం కాదు. మనం "నీళ్ళు నమలడం" అంటాం చూడండి, అక్కడ నీళ్ళూ ఉండవు, నమలడమూ ఉండదు, అయినా సంగతి తెలిసిపోతుంది. అట్లాంటి పలుకుబళ్ళు ఇంగ్లీషు వాళ్ళకీ ఉన్నాయి. మనవి మనకి పుట్టుకతో వస్తాయి కాబట్టి వాటికి విలువ లేదు. వాళ్ళవి కొండెక్కి నేర్చుకోవాలి కాబట్టి వాటికి ఉంది.

ఆయన కొండ దిగిన మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట కమిషనర్ వారి సముఖమునకు వచ్చు ప్రతి నోటునందును కనీసము ఒక ఇంగ్లీషు ఇడియము విధిగా ఉండవలెను. ఇడియము లేని నోటు పరిశీలనార్హము కాదు. అట్టి నోటు పెట్టినవారిపై తగు చర్య తీసుకొనబడును."

ఈ కాగితం చేతికొచ్చేసరికి నీటి సరఫరా చూసే అసిస్టెంట్ ఇంజనీరు ఇందుమతి తన బల్ల మీదున్న సీసా వంక చూస్తోంది. సీసాలో గోధుమరంగు నీళ్ళున్నాయి.

"అది టీ కాదమ్మా" అంది ఎదురుగా నిలబడ్డ సూరమ్మ. "మా కొళాయి నీళ్ళు."

సూరమ్మది సున్నపుబట్టీల వీధి. బండి మీద ఇడ్లీలు వేసి అమ్ముకునేది. ఇప్పుడు వేయడం మానేసింది. ఆ నీళ్ళతో పిండి రుబ్బితే ఎవరి ప్రాణం మీదకి వస్తుందోనని ఆవిడ భయం. మనవరాలు పల్లవి అప్పటికే కామెర్లతో సర్కారు ఆస్పత్రిలో పడుకుని ఉంది.

"పిల్ల కళ్ళు పసుపు పూసినట్టున్నయ్యమ్మా. మా వీధిలో ఇంటికొకళ్ళు మంచం పట్టారు. డాక్టరుగారేమో నీళ్ళు కాగబెట్టుకు తాగమంటాడు. గ్యాసు బండ నెల రోజులు రావొద్దా? అయినా ఆ కంపు కాగబెడితే పోద్దా? నువ్వే చెప్పు ఇంజనీరమ్మా."

ఇందుమతి మూత తీసి వాసన చూసింది. వెంటనే మూత బిగించేసింది.

సంగతేమిటో ఆవిడకి తెలుసు. గుట్ట మీద ట్యాంకు నుంచి బయల్దేరిన పైపు ముందు ఆఫీసర్ల కాలనీకి వెళుతుంది, అక్కణ్ణించి కోర్టు వీధికి, ఆఖర్న మురుగు కాలవలోంచి దాటి సున్నపుబట్టీల వీధికి. పగిలింది కాలవలో. అందుకని కాలవకి ఇవతలున్న వాళ్ళందరికీ నీళ్ళు తేటగా ఉన్నాయి, అవతలివాళ్ళకే ఈ ప్రారబ్ధం. బాగుచేయాలంటే గుట్ట దగ్గర వాల్వు కట్టేయాలి. కట్టేస్తే ఆఫీసర్ల కాలనీకి కూడా నీళ్ళాగిపోతాయి. కాబట్టి కమిషనర్ రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప ఆ వాల్వు మీద చెయ్యి వేయకూడదని ఎప్పటినుంచో రూలుంది. ఇందుమతికి ముందున్న ఇంజనీరు ఆ రూలు మర్చిపోయి ఒకసారి వాల్వు కట్టాడు. ఆ పూట అప్పటి కమిషనర్ గారింటికి పెళ్ళివారు వచ్చి ఉన్నారు. ఆ ఇంజనీరు ఇప్పటికీ సస్పెన్షన్‌లోనే ఉన్నాడు.

ఇందుమతి వెంటనే నోటు రాసింది. సున్నపుబట్టీల వీధి పైపు కాలవలో పగిలింది, మురుగు తాగే నీళ్ళలో కలుస్తోంది, పిల్లలకి కామెర్లు వస్తున్నాయి, వాల్వు కట్టి పైపు మార్చడానికీ, అందాకా ట్యాంకర్లతో నీళ్ళివ్వడానికీ అనుమతి కావాలి. ఇంతే. రాసి తనే మేనేజర్ వీరభద్రం గారి దగ్గరికి పట్టుకెళ్ళింది. ఏ ఫైలైనా ఆయన బల్ల మీదుగానే పైకి పోవాలి.

వీరభద్రం గారు నోటు చదివి, కళ్ళజోడు తీసి, ఆవిడ వంక జాలిగా చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"నోటండీ."

"నోటని తెలుస్తానే ఉంది. ఇందులో ఏముందని పైకి పంపమంటావు? పైపు పగిలిందన్నావు. తెలిసిపోయె. మురుగు కలుస్తోందన్నావు. అదీ తెలిసిపోయె. చదివినాయనకి ఇంక ఆలోచించటానికి ఏం మిగిల్చావు? పెద్దవాళ్ళు చదివే నోటు ఇంత బట్టబయలుగా ఉండకూడదమ్మా."

"పిల్లలు జబ్బు పడుతున్నారండీ."

"పాపం, పడరా మరి! నేను కాదన్నానా? ఆ ముక్కే ఇడియంలో చెప్పు."

ఇందుమతికి ఒళ్ళు మండింది. అయినా పని కావాలి గదా. కుర్చీలో కూర్చుని, కాలేజీ రోజులు గుర్తు తెచ్చుకుని, చివర్న ఒక వాక్యం కలిపింది. ఇప్పుడు జబ్బుపడ్డవాళ్ళు "టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్" మాత్రమే అని. పైకి కనిపించేది కొంచెమే, అసలు ప్రమాదం అడుగున ఉంది అని చెప్పడానికి ఇంగ్లీషు వాళ్ళు నీళ్ళలో తేలే మంచుకొండని అట్లా తలుచుకుంటారు. వీరభద్రం గారు అది చదివి, "అద్గదీ! ఇప్పుడు నోటుకి కళ వచ్చింది" అని పైకి పంపాడు.

నోటు కమిషనర్ దాకా వెళ్ళలేదు. ఈలోగా మధ్యలో ఒక కొత్త విభాగం వెలిసింది. దాని పేరు "ఇంగ్లీషు ఇడియముల అర్థ నిర్ధారణ విభాగము". దానికి అధిపతి దక్షిణామూర్తి. నిన్నటిదాకా ఆయన జనన మరణ ధ్రువపత్రాలు ఇచ్చే గుమాస్తా. డిగ్రీలో కొనుక్కున్న ఇడియంల గైడు ఇంకా ఇంట్లో ఉందని నోరు జారినందుకు ఆయన్ని ఇందులోకి మార్చారు. విభాగమన్నాక సిబ్బంది కావాలి కాబట్టి ఊళ్ళో గోడలకి "నేటి ఇడియము" బోర్డులు తగిలించడానికి ఇందుమతి కింద పనిచేసే ఇద్దరు పైపు ఫిట్టర్లనీ లాక్కున్నారు. పుట్టినవాళ్ళకీ పోయినవాళ్ళకీ సర్టిఫికెట్లు రాసేవాడు లేక ఆ గది ముందు జనం గుంపులు గుంపులుగా నిలబడ్డారు. దక్షిణామూర్తికి వాళ్ళ వంక చూసే తీరిక లేదు.

ఇందుమతి నోటు ఆయన దగ్గర్నుంచి తిరిగొచ్చింది. "సదరు ఇడియమునందు పేర్కొనబడిన మంచుకొండ నందిగుంట పురపాలక పరిధిలో లేదు. ప్రస్తుత ఉష్ణోగ్రతల దృష్ట్యా సమీప భవిష్యత్తునందు ఏర్పడు అవకాశమును లేదు. కావున స్థానికమునకు తగిన ఇడియముతో మరల సమర్పించవలెను."

ఇందుమతి ఆ కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది.

"దక్షిణామూర్తి గారూ, ఇడియంని అట్లా అక్షరాలా తీసుకోకూడదు కదండీ. దాని అర్థం వేరు."

"అర్థం తర్వాత సంగతి మేడం. ముందు పరిధి చూసుకోవాలి. రేపు ఆడిట్ వాళ్ళొచ్చి ఆ మంచుకొండ చూపించమంటే ఎవరు చూపిస్తారు? మీరా, నేనా?"

ఆయన ఎగతాళికి అనలేదు. పాపం, నిజంగానే భయపడుతున్నాడు. అట్లాంటివాడితో ఏం వాదిస్తాం?

ఇక అర్జీలకి కూడా ఇడియం ఉండాలన్నారు. ఆఫీసు గేటు బయట గొడుగు కింద కూర్చుని అర్జీలు రాసిపెట్టే ఆయనకి బళ్ళో నేర్చుకున్న ఇడియం ఒక్కటే గుర్తుంది, "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అని. కుండపోతగా వాన కురుస్తోందని దానర్థం. వీధి దీపానికీ, పింఛనుకీ, పక్కింటి గోడ తగాదాకీ ఆయన అదే తగిలించాడు. అర్జీలన్నీ కలిపి జిల్లాకి పంపే నివేదికలో నందిగుంటలో ఎడతెరిపి లేకుండా కుండపోత వానలని తేలింది. రోళ్ళు పగిలే ఎండలో జిల్లా నుంచి రెండు పడవలూ, ఒక లారీ ఇసుక బస్తాలూ వచ్చాయి. తాగే నీళ్ళ ట్యాంకర్లు మాత్రం రాలేదు, వరదల్లో ఉన్న ఊరికి నీళ్ళెందుకని.

ఆ వారం మీటింగులో చక్రధరం గారు లేచి నిలబడ్డారు.

"ఫ్రెండ్స్! మన ఆఫీసులో ఏకాగ్రత లేదు. మీకు ఇవాళ ఒక పవర్‌ఫుల్ ఇడియం ఇస్తున్నాను. 'టర్న్ ఎ బ్లైండ్ ఐ'! వేటగాడు గురి పెట్టేటప్పుడు ఏం చేస్తాడు? ఒక కన్ను మూస్తాడు. ఎందుకూ? ఫోకస్! మనం కూడా ప్రతి సమస్య మీదా ఒక కన్ను మూసి గురి పెట్టాలి. ప్రజా సమస్యలన్నిటికీ టర్న్ ఎ బ్లైండ్ ఐ చేయాలి!"

హాలంతా చప్పట్లు కొట్టింది. రాసుకునేవాళ్ళు రాసుకున్నారు. ఇందుమతి నోరు మూసుకుని కూర్చుందామనే అనుకుంది. కానీ నోరుందే, అది ఊరుకోదు.

"సార్, దానర్థం అది కాదు సార్. తప్పు జరుగుతోందని తెలిసి కూడా చూసీ చూడనట్టు ఊరుకోవడాన్ని అట్లా అంటారు."

వీరభద్రం గారు తల దించుకుని చెప్పుల వంక చూసుకున్నాడు. కమిషనర్‌కి మాత్రం కోపం రాలేదు.

"ఎక్కడ చూశారమ్మా?"

"డిక్షనరీలో సార్."

"ఆ డిక్షనరీ మన డిపార్ట్‌మెంట్ వేసిందా?"

"కాదు సార్."

"పోనీ దానికి జీవో నంబరేమైనా ఉందా?"

"డిక్షనరీకి జీవో ఉండదు సార్."

"మరి దాన్ని మనమెట్లా ఫాలో అవుతామమ్మా?" అన్నారాయన, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు.

సాయంత్రానికల్లా దక్షిణామూర్తి విభాగం నుంచి ఉత్తర్వు వచ్చింది. "ఇడియముల అర్థము విషయమై భేదాభిప్రాయము తలెత్తినచో హోదాలో పెద్దవారు చెప్పిన అర్థమే చెల్లును. సదరు అర్థము వారి బదిలీ పర్యంతము అమలులో ఉండును."

"మంచిదేలేమ్మా" అన్నాడు వీరభద్రం గారు, ఇందుమతి మొహం చూసి. "ఈయన ఉన్నన్నాళ్ళు ఈయన ఇంగ్లీషు. ఇంకోయన వస్తే ఆయన ఇంగ్లీషు. మనకేం పోయింది?"

ఆవేళ ఇంటికి పోతూ ఇందుమతి ఆస్పత్రి దగ్గర ఆగింది. వార్డులో మంచానికిద్దరు చొప్పున పిల్లలు పడుకుని ఉన్నారు, అందరూ ఒకే వీధివాళ్ళు. పల్లవి పచ్చబడ్డ కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. పక్కన సూరమ్మ చెరుకు రసం గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"రాశావా అమ్మా?" అని అడిగింది సూరమ్మ.

"రాశానమ్మా. రెండుసార్లు రాశాను."

"మరి చదవలేదా వాళ్ళు?"

ఇంజనీరు చదువు చదివి, ఉద్యోగం చేస్తూ, పగిలిన పైపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగి కూడా ఇందుమతికి ఆ ముసలావిడ ముందు నేరం చేసినదానిలా నిలబడాల్సి వచ్చింది. సిగ్గుతో, కోపంతో ఇంటికి వెళ్ళి అన్నం కూడా తినకుండా మూడో నోటు రాసింది.

"సున్నపుబట్టీల వీధి పైపు పగిలి, మురుగు తాగే నీళ్ళలో కలిసి, పిల్లలు జబ్బు పడుతున్న విషయంలో ఈ పురపాలక సంఘం మొదటి నుంచీ టర్న్ ఎ బ్లైండ్ ఐ చేస్తూ వచ్చిందని మనవి."

ప్రపంచంలో ఏ డిక్షనరీ తీసి చూసినా అది అక్షరాలా నిజం. చదివి అర్థం చేసుకుంటే తనని సస్పెండ్ చేస్తారు, అర్థం కాకపోతే పైపుకి అనుమతిస్తారు, ఏదో ఒకటి తేలిపోతుందనుకుంది. వాళ్ళని తక్కువ అంచనా వేసింది పిచ్చితల్లి.

మర్నాడే ఫైలు తిరిగొచ్చింది. ఆ ఆఫీసులో ఫైలుకి అంత వేగం ఎవరూ ఎరగరు. వీరభద్రం గారు "సిఫారసు చేయడమైనది" అని రాశాడు. దక్షిణామూర్తి "అర్థము సరిచూడబడినది, స్థానికమునకు తగియున్నది" అని రాశాడు. వాటి కింద ఆకుపచ్చ సిరాతో "ఆమోదించడమైనది. భేష్!" అని కమిషనర్ సంతకం. ఇందుమతి గుండె తేలికపడింది. ఫైలు పట్టుకుని ఒక్క ఉదుటున వీరభద్రం గారి దగ్గరికి వెళ్ళింది.

"ఆమోదించారండీ! ట్యాంకర్లకి ఆర్డరు వేయండి. నా ఫిట్టర్లని నాకిప్పించండి, ఇవాళే వాల్వు కట్టేస్తాను."

"ట్యాంకర్లేందమ్మా?" అన్నాడాయన.

"అదేమిటండీ? ఆమోదించామని రాశారు కదా!"

"ఆమోదించింది వాక్యాన్నమ్మా, పైపుని కాదు. చూడు, నీ ఫైలు నీళ్ళ విభాగం నంబరు మీద పోలేదు. దక్షిణామూర్తి దగ్గరికి పోగానే దానికి ఇడియం నంబరు పడింది. ఆ నంబరు మీద వాక్యాలు మంజూరు చేయొచ్చుగానీ పైపులు మంజూరు చేసే అధికారం బ్రహ్మకి కూడా లేదు."

"మరి నీళ్ళ సంగతి?"

"దానికి విడిగా నోటు పెట్టు. ఇడియం మాత్రం మర్చిపోమాక." ఆయన గొంతు తగ్గించి నవ్వాడు. "నీకు ఇంకో మంచి కబురు. ఈ ఏటి ఉత్తమ నోటు నీదే. ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తన్నారు. టౌన్‌హాల్లో సన్మానం కూడానంట."

సన్మానం వద్దని ఇందుమతి అనలేకపోయింది. వద్దనడానికీ నోటు పెట్టాలి, దానికీ ఇడియం కావాలి.

తమ వీధి నీళ్ళ గురించి ఇంజనీరమ్మ రాసిన కాగితానికి పెద్దవాళ్ళు సన్మానం చేస్తున్నారనేసరికి సున్నపుబట్టీల వీధి మొత్తం టౌన్‌హాలుకి తరలి వచ్చింది. కాగితానికే శాలువా కప్పుతున్నారంటే పైపు బాగైపోయినట్టే అనుకున్నారు వాళ్ళు. ఆస్పత్రి నుంచి సూరమ్మ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. చక్రధరం గారు ఫ్రేము కట్టిన నోటుని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, గొంతు సవరించుకుని, మైకులో చదివారు. ఈ పురపాలక సంఘం టర్న్ ఎ బ్లైండ్ ఐ చేస్తూ వచ్చిందన్న మాట దగ్గర ఆయన గొంతు గర్వంతో వణికింది. ఆయనే ఇందుమతికి శాలువా కప్పారు.

చప్పట్లు సద్దుమణిగాక సూరమ్మ లేచింది.

"అయ్యా, అంతా బానే ఉంది. ఆ కాయితంలో మా నీళ్ళ గురించి రాసుందంటగా. అదేందో తెలుగులో చెప్పండయ్యా."

కమిషనర్ దక్షిణామూర్తి వంక చూశారు. దక్షిణామూర్తి ముందుకొచ్చి, "అర్థము కోరువారు నిర్ణీత పద్ధతిలో దరఖాస్తు చేసుకొన్నచో విభాగము తగు సమయములో పరిశీలించును" అన్నాడు.

"ఏందయ్యా? నాకేం తెలవట్లా."

"అమ్మా!" అన్నారు చక్రధరం గారు పెద్ద మనసుతో. "మీ వీధి పేరు ఇవాళ జిల్లా అంతా మార్మోగుతోంది. మీకింకేం కావాలి?"

"నీళ్ళు కావాలయ్యా."

వెనక కూర్చున్న సిబ్బంది అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పుకుని నిలబడ్డ ఇందుమతికి తల కొట్టేసినట్టయింది. మీటింగు అయిపోయాక మెట్లు దిగుతుంటే సూరమ్మ ఎదురొచ్చి, ఆ జరీ అంచు చేత్తో తడిమి చూసింది. "శాలువా బాగుందమ్మా" అంది. ఆవిడ మాటలో వెటకారం ఏమీ లేదు. ఉంటే ఇందుమతికి ఇంత బాధ ఉండేది కాదేమో.

తెల్లారీ తెల్లారకముందే ఇందుమతి ఇల్లు కదిలింది. బోర్డులు తగిలిస్తున్న తన ఫిట్టర్లిద్దరినీ నిచ్చెన మీంచి దింపింది. "ఉద్యోగం పోతే నాది పోతుంది, మీది కాదు. పదండి" అంది. వాళ్ళు బోర్డులు అక్కడే పడేసి పైపులు బిగించే పానాలు తీసుకుని వెంట నడిచారు. గుట్టెక్కి ముగ్గురూ కలిసి వాల్వు కట్టేశారు. తుప్పు పట్టిన చక్రం కిర్రుమంటూ తిరిగి ఆగిపోయింది. ఫిట్టర్లు కాలవలోకి దిగడానికి పోతే, ఆవిడ అక్కడే రాయి మీద కూర్చుని ఎదురుచూసింది. ఇంటద్దె గుర్తొచ్చింది, సస్పెన్షన్‌లో ఉన్న పాత ఇంజనీరు గుర్తొచ్చాడు. లేచి వాల్వు విప్పేద్దామా అని కూడా అనిపించింది. పల్లవి కళ్ళు గుర్తొచ్చి అట్లాగే కూర్చుంది.

ఫోను మోగింది.

"నీళ్ళు రావట్లేదు!"

"ఎవరండీ?"

"నేనమ్మా, కమిషనర్ని! నీళ్ళాగిపోయాయి! తల మీద నురగ, కళ్ళ నిండా సబ్బు, మంట పుడుతోంది! చెంబెడు నీళ్ళు లేవు ఇంట్లో! వెంటనే ఏదో ఒకటి చెయ్యండి!"

ఇందుమతి ఆశ్చర్యపోయింది. ఎంత చక్కటి తెలుగు! ఏం జరిగిందో, ఎక్కడ జరిగిందో, ఎంత బాధగా ఉందో, ఏం కావాలో అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు మనిషి. ఎవరికి చూపించినా అర్థమవుతుంది. ఆవిడ భయం ఎక్కడికి పోయిందో పోయింది.

"సార్, ఇందులో ఇడియం లేదు సార్" అంది మర్యాదగా.

"ఏంటీ?"

"ఇడియం లేనిది పరిశీలనార్హం కాదని తమరి సర్క్యులర్ సార్."

"ఇందుమతీ! నా కళ్ళు పోయేట్టున్నాయి, నువ్వు పరాచికాలాడుతున్నావా?"

"అయ్యో, లేదు సార్. పోనీ మీ సమస్యకి మేమందరం టర్న్ ఎ బ్లైండ్ ఐ చేయమంటారా?"

"వద్దు!" అని కేక వేశారు చక్రధరం గారు. "వద్దు తల్లీ, అంత పని చెయ్యకండి!"

దానర్థం ఆయనకి ఎప్పుడు తెలిసిందో మనకి తెలియదు. కొండమీదే తెలుసేమో, కళ్ళల్లో సబ్బు పడ్డాక తెలిసిందేమో. ఇందుమతి మాత్రం నెమ్మదిగా విషయం చెప్పింది. వాల్వు తనే కట్టింది. కాలవలో పైపు మార్చాలి. సాయంత్రమవుతుంది. అందాకా ట్యాంకర్లు తిప్పాలి, మీ కాలనీకీ, సున్నపుబట్టీల వీధికీ.

"తిప్పు! ఎన్ని కావాలంటే అన్ని తిప్పు! మార్చు!"

"రాతపూర్వకంగా ఉండాలి సార్. లేకపోతే నాకు సస్పెన్షన్."

కాసేపటికి ఆవిడ ఫోనుకి రాత వచ్చింది. "వాల్వు కట్టండి. పైపు మార్చండి. ట్యాంకర్లు పంపండి. చక్రధరం." ఆ ఆఫీసు నుంచి చాలాకాలానికి వెలువడ్డ, చదవగానే అర్థమయ్యే ఉత్తర్వు అదే. ఇందుమతి దాన్ని రెండుసార్లు చదువుకుని కాలవ దగ్గరికి పరిగెత్తింది.

సాయంత్రానికి కొత్త పైపు పడింది. మర్నాటి నుంచి సున్నపుబట్టీల వీధిలో కొళాయిల్లో నీళ్ళు తేటగా వచ్చాయి. పిల్లలు ఒక్కొక్కళ్ళే మంచాల మీంచి లేచారు. బడులు తెరిచేసరికి పల్లవి బడికి పోయింది. సూరమ్మ మళ్ళీ పొయ్యి వెలిగించింది.

ఇడియం సర్క్యులర్ మాత్రం రద్దు కాలేదు. కమిషనర్ గారికి కళ్ళ మంట తగ్గింది, పూనకం తగ్గలేదు. ఒకరోజు ఇందుమతికి దక్షిణామూర్తి సంతకంతో మెమో వచ్చింది.

"ఉత్తమ నోటుగా బహుమతి పొంది, కార్యాలయపు హాలునందు వేలాడదీయబడిన నోటులో పైపు పగిలినదని యున్నది. తాము సదరు పైపును బాగుచేయుట వలన బహుమతి పొందిన నోటు వాస్తవ విరుద్ధమైనది. దీనివలన విభాగము ప్రతిష్ఠకు భంగము వాటిల్లినది. తమపై చర్య ఎందుకు తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

ఇందుమతి అక్కడికక్కడే జవాబు రాసింది. "పైపు బాగైంది. నీళ్ళు బాగున్నాయి. పిల్లలు బడికి వెళుతున్నారు."

మర్నాడు అది తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఎర్ర సిరాతో "ఇడియము లేదు. పరిశీలనార్హము కాదు" అని ఉంది. ఇందుమతి ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, ఆఫీసు నుంచి నేరుగా సూరమ్మ బండి దగ్గరికి వెళ్ళింది.

సూరమ్మ గ్లాసు నిండా కొళాయి నీళ్ళు పట్టి ఇచ్చింది. ఇందుమతి గటగటా తాగేసింది.

"ఆ శాలువా కప్పుకోవేందమ్మా ఎప్పుడూ?"

"కాలవలో దిగిన ఫిట్టర్లకి ఒళ్ళు తుడుచుకోవడానికి ఇచ్చానమ్మా. మళ్ళీ పనికొచ్చేట్టు లేదు."

సూరమ్మ నవ్వి, ఆవిడ సంచిలోంచి బయటికి కనిపిస్తున్న కాగితం వంక చూసింది. "అదేంది, మళ్ళీ ఏమన్నా రాశావా?"

"రాశాను. పనికిరాదని తిప్పి పంపారు."

"ఏం రాశావమ్మా అంత పనికిరాంది?"

"నీళ్ళు బాగున్నాయని రాశాను."

సూరమ్మ ఇడ్లీ పాత్ర మూత తీసింది. ఎటుతిప్పి చూసినా ఆవిడకి అందులో తప్పు కనపడలేదు.

"బాగుంటే బాగున్నయ్యనేగా రాసేది" అని, రెండు ఇడ్లీలు ప్లేటులో వేసి చట్నీ పోసింది.